అమ్మానాన్నలతో న్యూరెంబర్గ్: రెండు రోజులూ ఒక్క ఊరికే ఇవ్వండి

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటున్నాం. మే రెండో వారంలో మా అమ్మా నాన్నా మొదటిసారి ఇక్కడికి వస్తున్నారు. నాన్న కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ శాకాహారులు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఒక శనివారం న్యూరెంబర్గ్ చూపించి, సాయంత్రానికి బాంబెర్గ్, మర్నాడు రోటెన్‌బుర్గ్ తిప్పి తీసుకొద్దామని అనుకుంటున్నాను. న్యూరెంబర్గ్‌లో నాజీల మైదానం, విచారణ జరిగిన కోర్టు గది కూడా చూపించాలని నాకుంది. మా ఆయన మాత్రం "అంత దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఆ చావుల సంగతులెందుకు? కోట, చర్చీలు చూపించు చాలు" అంటున్నారు. ఏం చెయ్యమంటారు? — ఒక సోదరి, మ్యూనిక్

జవాబు:

ముందుగా బాంబెర్గ్‌నీ రోటెన్‌బుర్గ్‌నీ మీ ప్లాన్‌లోంచి కొట్టేయండి. రెండూ చక్కటి ఊళ్ళే, కాదనను. కానీ న్యూరెంబర్గ్ నుంచి రోటెన్‌బుర్గ్ వెళ్ళాలంటే అన్స్‌బాఖ్‌లో ఒకసారి, స్టైనాఖ్‌లో ఒకసారి రైలు మారాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లు దిగి, ప్లాట్‌ఫారం మారి, మళ్ళీ మెట్లెక్కి, చివరికి చేరేది ఇంకో రాళ్ళు పరిచిన వీధికే. ఆ రెండు రోజులూ న్యూరెంబర్గ్‌కే ఇవ్వండి. శనివారం రాత్రి అక్కడే పడుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు వేసిన ప్లానే నేను పన్నెండేళ్ళ కిందట వేశాను. నేనుండేది పక్కనే, ఎర్లాంగెన్‌లో. మా అమ్మ వచ్చినప్పుడు ఒక్క రోజులో మూడు ఊళ్ళు తిప్పాను. న్యూరెంబర్గ్‌లో సెబాల్డ్ చర్చిలోకి వెళ్ళాం. లోపల ఒకచోట యుద్ధం తర్వాత తీసిన ఫోటోలు పెట్టారు. కప్పు లేదు, గోడలు సగానికి కూలాయి, నేలంతా రాళ్ళ గుట్ట. అమ్మ ఫోటో చూసింది, తలెత్తి పైకప్పు చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. "మరి ఈ రాళ్ళన్నీ ఎవరు ఏరారే?" అని అడిగింది. నేను గడియారం చూసుకుని, "రైలుకి టైమవుతోందమ్మా, పద" అన్నాను. ఆ రోజు మేం చూసిన వాటన్నిటిలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు చెప్పకుండా అమ్మని బయటికి లాక్కొచ్చాను. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ జవాబు ఇప్పుడు మీకు చెబుతాను, మీ అమ్మగారు అడిగితే చెబుదురుగాని. 1945 జనవరి 2 రాత్రి దాదాపు గంటసేపు బాంబులు పడ్డాయి. పాతబస్తీలో నూటికి తొంభై పాళ్ళు నేలమట్టమైంది. దాదాపు 1,800 మంది చనిపోయారు. మీరు ఇప్పుడు చూసే కోటలో, చర్చీల్లో, వంతెనల మీది ఇళ్ళలో చాలా భాగం ఆ తర్వాత మళ్ళీ కట్టినదే. కొత్త పట్టణంలా తిన్నగా గళ్ళు గీసి కట్టలేదు. పాత వీధులు ఎక్కడ ఎలా వంకర తిరిగేవో అలాగే ఉంచారు. చర్చీలని రాయి మీద రాయి పెట్టి నిలబెట్టారు. మామూలు ఇళ్ళు మాత్రం సాదాగా, వాలు కప్పులతో, ఆ వీధులకి నప్పేటట్టు కట్టుకున్నారు. అందుకే కొందరు ఇక్కడికొచ్చి "ఇది నిజమైన పాత ఊరు కాదు" అని పెదవి విరుస్తారు. నాకు ఆ మాట నచ్చదు. కాలిపోయిన ఇంటిని అదే పునాది మీద మళ్ళీ కట్టుకున్నవాళ్ళ ఇల్లు నకిలీ ఎలా అవుతుంది? ఇక ఏరిన ఆ రాళ్ళు, ఇటుకల పొడి ఎక్కడికి పోయాయో రెండో రోజు సాయంత్రం చూద్దురుగాని.

టికెట్టు సంగతి తొందరగా చెప్పేస్తాను. బవేరియా రాష్ట్రమంతా ఒక రోజు తిరగనిచ్చే బయెర్న్ టికెట్టు శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది, పొద్దున 9 దాకా ఆగక్కర్లేదు. ఒక్క టికెట్టు మీద అయిదుగురి దాకా వెళ్ళొచ్చు. ఐసీఈ అనే వేగపు రైలు ఎక్కడానికి లేదు, రీజినల్ రైలే ఎక్కాలి. ఐసీఈలో గంటా పది నిమిషాల ప్రయాణం ఇందులో పావు తక్కువ రెండు గంటలు పడుతుంది, అంతే తేడా. అదే టికెట్టుతో న్యూరెంబర్గ్‌లో మెట్రో, ట్రామ్, బస్సు కూడా ఎక్కొచ్చు. ఒక రోజు టికెట్టు కాబట్టి ఆదివారానికి ఇంకోటి కొనాలి. స్టేషన్ బోర్డుల మీద ఊరి పేరు "న్యూర్న్‌బెర్గ్" అని కనిపిస్తుంది, నాన్నగారు తికమక పడకుండా ముందే చెప్పండి. గది మాత్రం ప్లారర్ దగ్గరో ఒపెర్న్‌హౌస్ మెట్రో స్టేషన్ దగ్గరో తీసుకోండి. ఎందుకో ఆఖర్న చెబుతాను.

శనివారం పొద్దున సామాను గదిలో పడేసి, మెట్రోలో లోరెంజ్‌కిర్షె స్టేషన్‌కి వెళ్ళండి. పైకి రాగానే లోరెంజ్ చర్చి ఎదురుగా ఉంటుంది. చర్చీలన్నీ శనివారమే చూసేయండి, ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి. ఇక్కడ మీ అమ్మగారిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి పైకి చూడమనండి. చెక్కతో చెక్కిన మరియమ్మా, ఆమెకి కబురు తెచ్చిన దేవదూతా గులాబీల దండ మధ్యలో గాల్లో వేలాడుతూ ఉంటారు. వైట్ స్టోస్ అనే శిల్పి 1517, 1518లలో చేశాడు. 1817లో అది కిందపడి ముక్కలైతే మళ్ళీ అతికించారు. యుద్ధంలో కొండ కింద తొలిచిన నేలమాళిగలో దాచబట్టి బతికింది. దానికి దగ్గర్లోనే దాదాపు 20 మీటర్ల ఎత్తు రాతి గోపురం ఒకటి, చివర తీగలా వంపు తిరిగి, కప్పుని తాకుతున్నట్టు ఉంటుంది. అది ఆడమ్ క్రాఫ్ట్ పని. దాని అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో పనిముట్లతో గోపురం మొత్తాన్నీ భుజాన మోస్తున్న మనిషి బొమ్మ ఉంటుంది. అది ఆ శిల్పి తనని తానే చెక్కుకున్న రూపం. రాజుల బొమ్మలు, సాధువుల బొమ్మలు ఎక్కడైనా ఉంటాయి. పని చేసినవాడి ముఖం అంత దగ్గరగా, మన కళ్ళ ఎత్తులో కనబడటం అరుదు. పిల్లలకీ పెద్దలకీ నేను తప్పకుండా చూపించే బొమ్మ అది.

అక్కడి నుంచి వంతెన దాటితే హౌప్ట్‌మార్క్ట్, ఊరి సంత. శనివారం కూరగాయలు, పూల దుకాణాలు ఉంటాయి, ఆదివారం ఉండవు. మధ్యాహ్నం 12 కొట్టే వేళకి అక్కడి ఫ్రౌయెన్‌కిర్షె చర్చి ఎదురుగా నిలబడండి. గడియారం కింద కూర్చున్న చక్రవర్తి బొమ్మ చుట్టూ ఏడు బొమ్మలు మూడుసార్లు తిరుగుతాయి. చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ఏడుగురు వాళ్ళు. ఆ హక్కుని రాసి బంగారు ముద్ర వేసిన శాసనం 1356 నాటిది. కొత్తగా ఎన్నికైన రాజు తన తొలి సభ న్యూరెంబర్గ్‌లోనే జరపాలని కూడా అందులో ఉంది. ఈ ఊరికి అంత పరువెలా వచ్చిందో తెలియాలంటే ఆ ఒక్క మాట చాలు.

బొమ్మలు చూసి అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. మీరు ఇంకో మాట కూడా చెప్పండి. ఆ చర్చి ఉన్నచోట అంతకు ముందు యూదుల ప్రార్థనా మందిరం ఉండేది. 1349 డిసెంబరులో 562 మంది యూదులని చంపేసి, వాళ్ళ పేట కూలగొట్టి, ఆ జాగాలో సంత వేసుకుని, చర్చి కట్టుకున్నారు. బొమ్మల గడియారమూ, ఈ సంగతీ ఒకే గోడవి. దీన్ని దాచి దాన్ని చూపిస్తే మనం చూపించింది సగం ఊరే.

సంతకి ఓ మూల దాదాపు 19 మీటర్ల ఎత్తున బంగారు రంగులో మెరిసే ఫౌంటెన్ ఉంది. షోనర్ బ్రున్నెన్ అంటారు, అందాల బావి అనుకోండి. ఇప్పుడున్నది నకలు, అసలు రాతి ముక్కలు జర్మన్ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. దాని ఇనప కటకటాల్లో ఒక రింగు ఉంటుంది. దాన్ని మూడుసార్లు తిప్పి కోరిక కోరుకుంటారు. మీ అమ్మగారు తిప్పాలనుకుంటే తిప్పనివ్వండి, వరస ఉన్నా ఆగండి.

తిండి సంగతి. ఈ ఊరి పేరు చెబితే జర్మన్లకి ముందు గుర్తొచ్చేది వేలెడంత సాసేజీ. 7 నుంచి 9 సెంటీమీటర్లు మించకూడదని రూలు. అది పంది మాంసం, మనవాళ్ళకి పనికిరాదు. బంగాళదుంప ఉండల మీద పోసే పులుసు మాంసం వేయించిన రసంతో చేస్తారు. ముడిలా చుట్టిన బ్రెజెల్ రొట్టెలో కూడా కొన్ని బేకరీల వాళ్ళు పంది కొవ్వు కలుపుతారు, అడిగి కొనండి. మే నెలలో వెళ్తున్నారు కాబట్టి ఒక అదృష్టం ఉంది. అది తెల్ల ఆస్పరాగస్ కాలం, ఇక్కడ ష్పార్గెల్ అంటారు. ఊరికి ఉత్తరాన, మా ఎర్లాంగెన్ వైపు, క్నోబ్లౌఖ్స్‌లాండ్ అని కూరగాయల నేల ఉంది. మాటకి అర్థం వెల్లుల్లి సీమ. అక్కడి పంట నేరుగా సంతకొస్తుంది. జూన్ 24 దాటితే ఇక కోయరు. హోటల్లో దీని మీద గుడ్డుతో చేసిన హాలండేజ్ సాస్ పోస్తారు, పక్కన హామ్ ముక్కలు పెడతారు. "నూర్ మిట్ బుటర్" అనండి, వెన్న ఒక్కటే చాలని. ఉడికించిన బంగాళదుంపలతో కలిపి తింటే అమ్మగారికి నచ్చుతుంది. ఎలిజెన్ లేబ్‌కూఖెన్ అని ఊరి పేరు మోసే మసాలా బిస్కెట్టు ఉంది, దాల్చినచెక్క, లవంగం వాసనతో గుమగుమలాడుతుంది. అందులో గుడ్డు ఉంటుంది కాబట్టి అమ్మగారికి వేగన్ అని రాసి ఉన్న రకం చూసి కొనండి. ఇవన్నీ ఉన్నా, పొద్దున్నే ఒక డబ్బాలో పులిహోర కలిపి పెట్టుకోండి. ఎక్కడ తినాలో ఇప్పుడు చెబుతాను.

చాలామంది సంత నుంచి కోటకి నడిచి ఎక్కుతారు. అర కిలోమీటరు పైచిలుకే గాని, నున్నగా అరిగిన రాళ్ళ ఎత్తు. మీరు ఎక్కకండి. పాతబస్తీ లోంచి వెళ్ళే 36 నంబరు బస్సు కోట కింది దాకా తీసుకెళ్తుంది, లేదా టాక్సీ మాట్లాడుకోండి. పైనుంచి కిందికి నిదానంగా దిగిరండి. కోట బురుజుల మీద ఒక తోట ఉంది, బుర్గ్‌గార్టెన్. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది, టికెట్టు లేదు. పులిహోర డబ్బా అక్కడ విప్పండి.

కోటలో అన్ని గదులూ చూడాలని పట్టుబట్టకండి. లోతు బావి మాత్రం వదలొద్దు. రాతిలో దాదాపు 50 మీటర్ల లోతుకి తవ్వారు. గైడు కాసిని నీళ్ళు పోస్తాడు. అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. చాలాసేపటికి కింద చప్పుడు వినిపిస్తుంది. తర్వాత దీపాలు దింపి చూపిస్తారు, వెలుగు చిన్నదై చిన్నదై చుక్కలా మిగులుతుంది. భాష రాకపోయినా అర్థమయ్యే చోటు ఇది. పక్కనున్న గుండ్రటి బురుజు నాన్నగారు ఎక్కుతానంటే ఎక్కనివ్వండి, అమ్మగారు బెంచీ మీద కూర్చుంటారు.

కోట దిగగానే ఓ చిన్న కూడలి, దాని అంచున చెక్క దూలాల ఇల్లు. ఆల్బ్రెష్ట్ డ్యూరర్ అనే చిత్రకారుడు 1509 నుంచి 1528లో చనిపోయేదాకా అందులోనే ఉన్నాడు. లోపల మెట్లు ఎక్కువ, అమ్మగారు ఎక్కలేకపోతే బయటి నుంచే చూపించండి. కథ మాత్రం చెప్పండి, ఎందుకంటే అది మన దేశం నుంచి మొదలవుతుంది. గుజరాత్ సుల్తాను రెండో ముజఫర్ షా పోర్చుగీసు వాళ్ళకి ఒక ఖడ్గమృగాన్ని కానుకగా ఇచ్చాడు. గోవా మీదుగా ఓడలో వెళ్ళి, 1515 మే నెలలో అది లిస్బన్‌లో దిగింది. దాన్ని గురించి రాసిన ఉత్తరం, చేత్తో గీసిన బొమ్మ న్యూరెంబర్గ్ చేరాయి. డ్యూరర్ జంతువుని కంటితో చూడకుండానే, వాటిని బట్టి చెక్క అచ్చు చేశాడు. ఒంటి మీద కవచం బిగించినట్టు, వీపు మీద లేని చిన్న కొమ్ముతో సహా గీశాడు. ఆ తర్వాత యూరప్‌లో తరాల తరబడి ఖడ్గమృగమంటే ఆ బొమ్మే. ఆ జంతువు మాత్రం పోప్‌కి కానుకగా వెళ్తూ ఇటలీ తీరాన ఓడతో పాటు మునిగిపోయింది. అంత దూరం నుంచి ఈ కబురు ఈ ఊరికెలా వచ్చిందంటారా? ఇది మిరియాల వర్తకుల ఊరు. 1505లో మన దేశానికి బయల్దేరిన పోర్చుగీసు నౌకాదళంలో ఈ ఊరి వర్తకులూ పెట్టుబడి పెట్టారు. ఉత్తరాలు అలా వస్తూ పోతూ ఉండేవి. మీ అమ్మగారికి డ్యూరర్ భార్య ఆగ్నెస్ గురించి కూడా చెప్పండి. భర్త అచ్చు వేసిన బొమ్మలు మోసుకుని ఫ్రాంక్‌ఫర్ట్ సంత దాకా వెళ్ళి అమ్ముకొచ్చిన మనిషి.

ఇంకాస్త దిగితే సెబాల్డ్ చర్చి, ఆ ఫోటోలు. ఇక్కడ గడియారం చూసుకోకండి.

అక్కడి నుంచి నది దగ్గరే. పెగ్నిట్జ్ నది మీద చెక్క కప్పు వేసిన ఒక వంతెన ఉంది, హెంకర్‌స్టేగ్. తలారి ఇల్లు అక్కడుండేది కాబట్టి ఆ పేరు. మేలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. సాయంత్రం ఇంకేమీ పెట్టుకోకండి.

ఇప్పుడు మీ ఆయన మాటకొస్తాను. ఆయన ప్రేమతోనే అంటున్నారు, నాకు తెలుసు. కానీ మనం పెద్దవాళ్ళని చిన్నపిల్లల్లా చూస్తాం, బరువైన సంగతి తట్టుకోలేరనుకుంటాం. మీ నాన్నగారు ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు ఇంజను నడిపిన మనిషి. పట్టాల మీద ఆయన చూడని చావు ఉంటుందా? వాళ్ళు మనకన్నా ఎక్కువే చూశారు. చూపించండి. రెండు షరతులు పెట్టుకోండి. ఎక్కువసేపు వద్దు, అడిగినప్పుడే చెప్పండి.

ఆదివారం పొద్దున మెట్రోలో బేరెన్‌షాంజె స్టేషన్ దగ్గర దిగితే కోర్టు. పైన మ్యూజియం ఉంది, మంగళవారం సెలవు గాని ఆదివారం తెరిచే ఉంటుంది. 600 నంబరు గదిలో 1945 నవంబరు 20న నాజీ నాయకుల విచారణ మొదలై 1946 అక్టోబరు 1న తీర్పుతో ముగిసింది. 24 మంది మీద ఆరోపణలు, బోనులో కూర్చున్నది 21 మంది. 12 మందికి మరణశిక్ష, ఏడుగురికి జైలు, ముగ్గురు నిర్దోషులుగా విడుదల. బోను వెనక గోడలో ఒక తలుపుంటుంది, నిందితులని జైలు నుంచి లిఫ్టులో అటునుంచే పైకి తెచ్చేవారు. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు పెట్టి, ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, జర్మన్ భాషల్లోకి అప్పటికప్పుడు అనువదించారు. ఈ గదిలో 2020 దాకా మామూలు కేసులు కూడా నడిచాయి. నాన్నగారికి నేను ముఖ్యంగా చూపించమనేది అదే. ముగ్గురిని వదిలేశారన్న మాట, ఆ తర్వాత అదే గదిలో మామూలు మనుషుల కేసులు నడిచాయన్న మాట. పగ తీర్చుకోవాలనుకుంటే గోడ పక్కన నిలబెట్టి కాల్చేసేవారు, పది నెలలు కూర్చుని సాక్ష్యాలు చదివేవారు కాదు. మ్యూజియంలో ప్రతి పలకా చదివించకండి, గంట చాలు.

అక్కడి నుంచి రైల్వే మ్యూజియం, ఒపెర్న్‌హౌస్ మెట్రో స్టేషన్ దగ్గర. ఇది నాన్నగారి పూట. జర్మనీలో ఆవిరి ఇంజనుతో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది ఈ ఊళ్ళోనే, 1835 డిసెంబరు 7న, న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్ దాకా. దూరం 6 కిలోమీటర్లు. మన దేశపు మొదటి రైలు, బోరిబందర్-ఠాణే బండికి 18 ఏళ్ళ ముందు. ఇంజను పేరు ఆడ్లర్, అంటే గద్ద. ఇంగ్లండులో స్టీఫెన్‌సన్ కార్ఖానాలో చేయించి తెచ్చారు. నడిపేందుకు విలియం విల్సన్ అనే డ్రైవరుని కూడా అక్కడి నుంచే తెచ్చుకున్నారు. కంపెనీ డైరెక్టరు కన్నా ఆ డ్రైవరు జీతమే ఎక్కువని చెబుతారు. ఆ మాట నాన్నగారికి తప్పక చెప్పండి. బొగ్గు ఖరీదు కాబట్టి మొదట్లో చాలా ట్రిప్పులు గుర్రాలే లాగేవి. అసలు ఇంజనుని 1857లో పాత ఇనుముగా అమ్మేశారు. 1935లో చేసిన నకలు 2005లో షెడ్డులో మంటలంటుకుని కాలిపోతే, దాన్నీ మళ్ళీ కట్టారు. ఈ ఊరివాళ్ళకి ఇలా మళ్ళీ కట్టుకోవడం అలవాటు. నాన్నగారు ఒక్కో యంత్రం దగ్గర ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడనివ్వండి.

ఆయన లోపల ఉండగా మీరూ అమ్మగారూ నాలుగడుగులు నడిచి నేషనల్ మ్యూజియం వీధికి వెళ్ళండి. లోపలికి వెళ్ళే ఓపిక ఉంటే 1492 నాటి మార్టిన్ బెహైమ్ భూగోళం ఉంది, మిగిలిన వాటిలో ప్రపంచంలోకెల్లా పాతది, దాని మీద అమెరికా ఖండం లేదు. ఓపిక లేకపోతే వీధి చాలు. దానీ కారవాన్ అనే ఇజ్రాయెల్ శిల్పి 1993లో ఆ వీధి పొడవునా తెల్లటి స్తంభాలు నిలబెట్టాడు. మానవ హక్కుల ప్రకటనలోని 30 అధికరణాలు, ఒక్కో దానికి ఒక్కో స్తంభం, దాని మీద జర్మన్‌తో పాటు ఇంకో భాషలో ఆ వాక్యం. ఒకచోట స్తంభానికి బదులు ఓక్ చెట్టు. అక్కడ అమ్మగారికి సిగేనా కథ చెప్పండి. ఈ ఊరి పేరు మొట్టమొదట కాగితం మీదికెక్కింది 1050 జూలై 16న. ఆ కాగితంలో ఉన్నది యుద్ధమూ కాదు, పట్టాభిషేకమూ కాదు. మూడో హెన్రీ చక్రవర్తి సిగేనా అనే దాసికి స్వేచ్ఛ ఇచ్చినట్టు రాసిన పత్రం అది. అదే ఊళ్ళో 1935లో, యూదులు పౌరులు కారనీ, జర్మన్లు వాళ్ళని పెళ్ళాడకూడదనీ చట్టాలు ప్రకటించారు. ఊరి పేరుతోనే వాటిని ఇవాళ్టికీ పిలుస్తారు.

సాయంత్రం ఆరింటికి ట్రామ్‌లో డోకు-త్సెంట్రుమ్ స్టాపు దగ్గర దిగండి. 50,000 మంది పట్టేలా మొదలుపెట్టి, పూర్తికాకుండా మిగిలిపోయిన సభాభవనం గుర్రపు నాడాలా నిలబడి ఉంటుంది. అందులోనే ఉన్న డాక్యుమెంటేషన్ సెంటరుని, అంటే నాజీల చరిత్ర చెప్పే మ్యూజియాన్ని, ఆ వేళకి మూసేస్తారు. అది లేకపోయినా ఫరవాలేదు. పక్కన చెరువు గట్టున నిదానంగా నడిచి జెప్పెలిన్ మైదానానికి వెళ్ళండి. 1909లో కౌంట్ జెప్పెలిన్ తన గాలి ఓడని అక్కడ దింపాడు కాబట్టి ఆ పేరు. హిట్లర్ నిలబడి మాట్లాడిన రాతి గద్దె ఇప్పటికీ ఉంది. పైనున్న పెద్ద స్వస్తిక్ గుర్తుని 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైనికులు పేల్చేశారు. మీ అమ్మగారు ఆ గుర్తు గురించి అడుగుతారు, మన గడప మీద వేసుకునే గుర్తు కదా. వాళ్ళు ఎత్తుకుపోయి ఏం చేశారో చెప్పండి, అక్కడ దాన్ని నేల మీద గీయడం, మెళ్ళో లాకెట్టుగా వేసుకోవడం వద్దని కూడా ముందే చెప్పండి. జర్మనీలో నాజీల గుర్తులు చూపించడం నేరం. మనది వేరని వివరించుకోవాల్సిన అవస్థ పెద్దావిడకి రాకూడదు.

జూన్ మొదట్లో ఈ మైదానంలో పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది, ట్రామ్‌లు కిక్కిరిసిపోతాయి. మీరు మేలోనే వస్తున్నారు కాబట్టి ఖాళీగా ఉంటుంది. మెట్ల మీద కుర్రాళ్ళు బంతి ఆడుకుంటూ ఉంటారు. మెట్లలో గడ్డి మొలిచింది. అమ్మగారు రెండు మెట్లెక్కి కూర్చోగలిగితే చాలు, పైదాకా అక్కర్లేదు.

అక్కడికి దగ్గర్లోనే నాలుగు లక్షల మంది పట్టే స్టేడియం కట్టాలని నాజీలు ఒక గొయ్యి తవ్వారు. కట్టలేదు. గొయ్యిలో నీళ్ళు నిండి సరస్సయింది. యుద్ధం తర్వాత ఊళ్ళో ఏరిన శిథిలాలు తెచ్చి దాని పక్కనే పోశారు, అది గుట్టయింది. జిల్బర్‌బుక్ అంటారు, చెట్లు పెరిగాయి. అంత దూరం నడవక్కర్లేదు, ఆ వైపు చెయ్యి చూపించి చెప్పండి చాలు. మా అమ్మకి నేను అప్పుడు చెప్పనిది ఇదే. రాళ్ళు ఏరినవాళ్ళు ఆ ఊరివాళ్ళే, ఆడవాళ్ళూ మగవాళ్ళూ. పనికొచ్చినవి చర్చి గోడల్లోకి వెళ్ళాయి, పనికిరానివి ఆ గొయ్యి పక్కకొచ్చాయి.

చిన్న సంగతులు రెండు. జేబులో చిల్లర నాణేలుంచుకోండి, టాయిలెట్లకి డబ్బులడుగుతారు. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలో నింపుకోండి. పాత ఫౌంటెన్ల నీళ్ళు మాత్రం తాగకండి.

ఇక గది ప్లారర్ దగ్గర తీసుకోమన్నానుగా. తిరుగు రైలుకి సామాను తీసుకుని అక్కడి నుంచి పెద్ద స్టేషన్‌కి యూ2 గాని యూ3 గాని మెట్రో ఎక్కండి. యూ3 జర్మనీలో డ్రైవరు లేకుండా నడిచిన మొదటి మెట్రో, 2008లో మొదలైంది. రెండేళ్ళ తర్వాత యూ2 కూడా అలాగే మారింది. ముందు డ్రైవరు గది ఉండదు, పెద్ద అద్దం ఒకటే. మొదటి పెట్టె ఎక్కి, ఆ అద్దం ముందు సీటు నాన్నగారికి ఇవ్వండి. రెండే స్టేషన్లు. రైలుకి టైముంటే, స్టేషన్‌లో దిగకుండా ఆయన్ని ఇంకాస్త దూరం వెళ్ళిరానివ్వండి.